పాటలో మాట వినబడాలి

యాదగిరిగుట్ట చుట్టుపక్కల ఊళ్లలో ఇంట్లోనే పాట రికార్డు చేసుకునే పిల్లలు ఇప్పుడు చాలామంది కనిపిస్తున్నారు. మేడ మీద ఒక అర్ర, ఒక లాప్‌టాప్, చిన్న ఇంటర్‌ఫేస్, ఒక కండెన్సర్ మైకు, హెడ్‌ఫోన్స్. అంతే సరంజామా. కొందరికి అదీ లేదు. ఫోనే మైకు, ఫోనే రికార్డరు. నరసింహస్వామి భజన పాట, బతుకమ్మ పాట, పెళ్లి పాట, పొలం పాట. హైదరాబాద్‌కు పోయి, స్టూడియోకు గంటల లెక్కన డబ్బు కట్టి పాడవలసి వచ్చిన పాట ఇవ్వాళ ఇంట్లో పుడుతోంది. ఇది నాకు నిజంగా సంతోషం కలిగించే సంగతి.

కానీ ఆ పాటలు వింటుంటే ఒకటి బాధగా ఉంటుంది. డప్పు వినబడుతుంది, కీబోర్డు వినబడుతుంది, గొంతూ వినబడుతుంది. ఆ గొంతు ఏమంటోందో మాత్రం తెలియదు. చరణంలో నాలుగు మాటలుంటే రెండు చెవిదాకా వస్తాయి, రెండు దారిలోనే పోతాయి.

మన ప్రాంతపు పాటకు ఇది చిన్న లోటు కాదు. ప్రజాకవి సుద్దాల హనుమంతు గారి ఊరు సుద్దాల ఈ యాదాద్రి భువనగిరి జిల్లాలోనే, గుండాల మండలంలో ఉంది. తెలంగాణ సాయుధ పోరాటం నాటి ఆయన పాటలు మైకుల్లేని ఊళ్లలో నోటి నుంచి నోటికి పాకినవి. మాట అర్థం కాకపోతే పాట పక్క ఊరికి పోయేదే కాదు. ఒగ్గుకథ చూడండి. కథకుడు మాట అందుకోగానే డోలు తగ్గుతుంది, ఆయన మాట ముగించగానే మళ్లీ లేస్తుంది. ఎక్కడ వాయించాలో, ఎక్కడ ఊరుకోవాలో ఆ కళాకారులకు ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చోబెట్టి నేర్పలేదు. సౌండ్ మిక్సింగ్ అని ఇవ్వాళ మనం పిలిచే పనిలో పెద్ద భాగం వాళ్లు చేస్తున్నదే. ముందు మాటను నిలబెట్టడం, మిగతా వాద్యాలను దాని చుట్టూ సర్దడం. ఇంట్లో పాట చేసుకునేవాళ్లతో ఈ పూట నేను చెప్పదలచినదంతా దీని గురించే.

మొదట గది సంగతి. మన ఇళ్లలో కింద షాబాదు బండలో టైల్సో, పైన సిమెంటు స్లాబు, చుట్టూ నున్నటి గోడలు. గది మధ్య నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. చప్పుడు ఆగిపోయాక కూడా గోడల నడుమ ఒక గణగణ మిగులుతుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. పదడుగుల గదిలో మధ్యన నిలబడి పాడితే గొంతు గోడకు తగిలి తిరిగి రావడానికి సెకనులో నూరోవంతు చాలు. అంత దగ్గరగా వచ్చే ప్రతిధ్వనిని మన చెవి విడిగా గుర్తించదు. మైకు మాత్రం అసలు గొంతునూ గోడ నుంచి వచ్చినదాన్నీ కలిపి రాసేసుకుంటుంది. తర్వాత ఏ ఈక్యూ (కిందిస్థాయి, పైస్థాయి శబ్దాలను విడివిడిగా పెంచే, తగ్గించే మీట) తిప్పినా ఆ రెండూ పూర్తిగా విడిపోవు. మాటల అంచులు అలికినట్టయ్యేది ఇక్కడే.

చాలామంది గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటిస్తారు. ఎంతో శ్రమపడి, వరసలు కుదిర్చి అంటిస్తారు. అవి పల్చటి అట్టలు. పైస్థాయి గలగలను కాస్త చెదరగొడతాయేమో గానీ, గొంతులోని మందాన్ని పీల్చుకోలేవు, వీధిలో పోయే ఆటో చప్పుడును ఆపలేవు. కావలసింది మందమూ మెత్తదనమూ ఉన్న వస్తువు. పాత చీరలతో కుట్టిన బొంత, దూది పరుపు, రగ్గులు. పత్తి ఏరి ఇంట్లో పోసిన రోజుల్లో ఆ గదిలో మాట్లాడి చూసినవాళ్లకు ఈ విషయం కొత్తగా చెప్పనక్కర్లేదు. మాట నోట్లోంచి రాగానే ఆగిపోతుంది, గోడ ఒక్క ముక్క కూడా తిరిగి పలకదు.

బొంత ఎక్కడ వేలాడదీయాలన్నది ఇంకా ముఖ్యం. మైకు వెనకాల కడుతుంటారు చాలామంది. పాటకు మనం వాడే మైకుల్లో ఎక్కువ భాగం ముందున్నది వింటాయి, వెనకున్నది అంతగా వినవు. మైకుకు ఎదురుగా ఉన్నది పాడే మనిషి, ఆ మనిషి వీపు వెనకున్న గోడ. కాబట్టి బొంత పాడేవాళ్ల వెనక ఉండాలి. ఒకే బొంత ఉంటే అక్కడే కట్టండి. రెండోది ఉంటే పక్కన. కింద బండల మీద ఒక జంపఖానా.

ఇక బయటి చప్పుళ్లు. గుట్ట కింద ఉండేవాళ్లకు ఈ కష్టం తెలుసు. తెల్లవారుజామున సుప్రభాతం, పగలంతా మైకులో ప్రకటనలు, బస్సుల హారన్లు. శని, ఆదివారాల్లో జనం. స్వాతి నక్షత్రం నాడు గిరిప్రదక్షిణ. కార్తీకంలో సత్యనారాయణ వ్రతాలకు వచ్చేవాళ్లతో ఊరు పొద్దస్తమానం సందడే. 2022 మార్చిలో కొత్త ఆలయం తెరిచాక రాకపోకలు ఇంకా పెరిగాయి. ఆ చప్పుడుతో పోట్లాడే బదులు వారం నడుమ రాత్రి పూట రికార్డింగు పెట్టుకోండి. సీలింగ్ ఫ్యాన్ ఆపండి, పక్క గదిలో ఫ్రిజ్ ఉంటే ఆ కాసేపు ఆపండి. ఎండాకాలం ఫ్యాన్ లేకుండా పాడటం కష్టమే. చరణానికోసారి తలుపు తీసి గాలి పీల్చుకుని మళ్లీ పాడితే నష్టం లేదు. ఫ్యాన్ హోరు మీద పాడిన పాటను మాత్రం పూర్తిగా కడగలేం.

మైకుకూ నోటికీ మధ్య జానెడు దూరం చాలు. అరచేయి నోటి ముందు పెట్టుకుని ‘ప్రహ్లాద’ అనండి, ‘భక్త’ అనండి, ‘ఫాలం’ అనండి. అరచేతికి గాలి దెబ్బ తగులుతుంది. అదే దెబ్బ మైకు లోపలి పల్చటి పొర మీద పడితే ‘ధబ్’మని వస్తుంది. నరసింహస్వామి పాటల్లో ఈ అక్షరాలు అడుగడుగునా ఉంటాయి, తప్పించుకోలేం. మైకును నోటికి సూటిగా పెట్టకుండా కొంచెం పక్కకు, ముక్కు ఎత్తుకు జరపండి. గాలి తిన్నగా ముందుకు పోతుంది, గొంతు మాత్రం మైకుకు అందుతుంది. కుట్టుపని రింగుకు పాత చున్నీ గుడ్డ బిగించి మధ్యలో పెడితే ఇంకా మంచిది. స్టేజీ మీద పాడే అలవాటున్నవాళ్లు మైకును పెదాలకు ఆనించి పాడతారు. అలా పాడితే కిందిస్థాయి శబ్దం ఉబ్బి, గొంతు బొంగురుపోయి, మాట మూసుకుపోతుంది.

భజన బృందం అంతా ఒకే గదిలో కూర్చుని పాడితే వచ్చే ఊపు విడివిడిగా పాడితే రాదు, ఆ మాట నేను ఒప్పుకుంటాను. అలాంటప్పుడు తాళాలు, చిరుతలు వాయించేవాళ్లను గాయకుడి మైకు వెనకవైపు కూర్చోబెట్టండి. తాళాల మెరుపూ మన సకారాల మెరుపూ దాదాపు ఒకే చోట, 5000 హెర్ట్జ్ పైన ఉంటాయి. తాళాలు గొంతు ట్రాకులోకి దూరితే, మాటను తేట చేద్దామని పైస్థాయి పెంచిన ప్రతిసారీ తాళాలు కూడా పెరిగి కూర్చుంటాయి.

డప్పు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. డప్పు వాయించే ముందు మంట దగ్గర కాస్తారు. తోలు బిగుసుకుని ఖణఖణ మోగుతుంది. వాయిస్తూ ఉంటే, గాలిలో తేమ తగులుతూ ఉంటే తోలు సడలి శబ్దం దిగిపోతుంది. ఇంటి రికార్డింగులో జరిగేదేమిటంటే, మొదటి చరణం కాచిన డప్పుతో, రెండోది అర్ధగంట తర్వాత చల్లబడిన డప్పుతో తీస్తారు. వినేటప్పుడు రెండూ రెండు డప్పుల్లా ఉంటాయి. అప్పుడు ఈక్యూ తిప్పడం మొదలుపెడతారు. ఈక్యూతో తోలు బిగుసుకోదు. ప్రతిసారీ మళ్లీ కాచి వాయించమని అడగండి. వాయించేవాళ్లు కాదనరు, వాళ్లకు ఆ పని మనకంటే బాగా తెలుసు. మైకును డప్పుకు ఆనించి పెట్టకుండా ఐదారడుగుల దూరంలో పెట్టండి. సిర్ర అనే లావు కర్ర దెబ్బలోని బరువు కిందిస్థాయిలో ఉంటుంది. చిటికెన పుల్ల అనే సన్న పుల్ల చరచర పైస్థాయిలో ఉంటుంది. గొంతుకు అడ్డం వచ్చేది ఎక్కువగా ఆ చరచరే. డప్పు మొత్తాన్ని తగ్గించనక్కర్లేదు, పాట నడిచేచోట ఆ పైభాగాన్ని కొంచెం దించితే చాలు. గొంతు ఆగి వాద్యం ఒక్కటే నడిచేచోట మళ్లీ పూర్తిగా వదలండి.

రికార్డు స్థాయి విషయం త్వరగా చెప్పేస్తాను. డిజిటల్ మీటరులో సున్నా అంటే పైకప్పు. దాన్ని తాకిన శబ్దం తల తెగిపోతుంది, అది బాగుపడదు. పెద్దగా పాడినచోట కూడా మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేట్టు పెట్టుకోండి. 24 బిట్‌లో రికార్డు చేస్తే అంత తక్కువ స్థాయిలో తీసినా ఏమీ పోదు, తర్వాత పెంచుకోవచ్చు.

ఇప్పుడు కడగడం. పాడటానికి ముందు అందరూ ఊపిరి బిగబట్టి పది సెకన్ల మౌనాన్ని రికార్డు చేయండి. ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు ఆ మౌనాన్ని చూపిస్తే గదిలో ఉన్న హోరు ఎలాంటిదో గుర్తుపట్టి, పాటలోంచి దాన్ని తగ్గిస్తుంది. తగ్గించమనే అడగాలి, తుడిచెయ్యమని అడగకూడదు. ఎక్కువ లాగితే మాట చివరలు గుడగుడలాడతాయి. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి ‘గూం’ అనే చప్పుడు 50 దగ్గర, దాని గుణిజాలైన 100, 150 దగ్గర వస్తుంది. చాలాసార్లు లాప్‌టాప్ చార్జర్ పీకేసి బ్యాటరీ మీద రికార్డు చేస్తేనే అది పోతుంది. పోకపోతే ఇంటి ఎర్తింగ్ చూపించుకోండి. పాట కోసమే కాదు, ప్రాణానికీ అది అవసరం.

నాయిస్ గేట్ అని ఒకటుంది. గొంతు ఒక స్థాయి కంటే తగ్గగానే తలుపు మూసేస్తుంది. తెలుగు పాటకు దీన్ని చాలా జాగ్రత్తగా వాడాలి. మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి, పాడేవాళ్లు ఆ అచ్చును మెల్లగా వదులుతారు. తలుపు ముందే మూసుకుంటే వచ్చెనో, వచ్చినో, వచ్చిందో తెలియకుండా పోతుంది. గేట్ బదులు చేత్తో కత్తిరించండి, ఓపిక పడుతుంది కానీ ఫలితం దక్కుతుంది. ఊపిరి తీసుకునే చప్పుళ్లను మొత్తం కోసెయ్యకండి. కొంచెం తగ్గించి ఉంచండి. ఊపిరి లేని పాట మనిషి పాటగా అనిపించదు.

శ్రుతి సరిచేసే ఆటోట్యూన్ గురించి కూడా చెప్పాలి. 1997లో ఆండీ హిల్డెబ్రాండ్ దాన్ని తెచ్చారు. అంతకుముందు ఆయన పని చమురు వెతుకులాటలో భూమి లోపలి నుంచి వచ్చే కంపనాలను లెక్కగట్టడం. గొప్ప ఉపకరణమే. కానీ అది ప్రతి స్వరాన్నీ హార్మోనియం మెట్ల మీదికి లాగుతుంది. బతుకమ్మ పాట పాడే అవ్వ ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి జారుతూ పోతుంది. ఆ జారుడులోనే ఆమె ఊరు ఉంది, ఆమె వయసు ఉంది. దాన్ని మెట్లు మెట్లుగా నరికితే శ్రుతి కుదురుతుంది, పాట పోతుంది. నిజంగా తప్పిన ఒకటి రెండు స్వరాలను చూసుకుని అక్కడి వరకే వాడటం న్యాయం.

ఇక తూకం. అన్ని ట్రాకులనూ కిందికి దించేసి, ముందు గొంతును మాత్రం లేపండి. దాని పక్కన డప్పో డోలకో ఒక్కటే చేర్చండి. ఈ రెండింటితోనే పాట నడవాలి. నడిస్తే మిగతావి అలంకారం. నడవకపోతే మిగతావి ఎన్ని చేర్చినా నడవదు.

గొంతులో 80, 100 హెర్ట్జ్‌కు కింద ఉన్నదంతా తీసేయొచ్చు. అక్కడ ఉండేది నేల అదురు, లారీ గుడగుడ. 200 నుంచి 400 దాకా గది మందం పేరుకుంటుంది, కొద్దిగా తగ్గించండి. మాటను మాటగా నిలబెట్టే హల్లుల పదును మాత్రం 2000, 4000 మధ్యన ఉంటుంది. దీనికి మీకు ఇప్పుడే ఒక రుజువు చూపిస్తాను. మీరు నన్ను వింటున్న మీడియం వేవ్ రేడియోలో స్టేషన్ల నడుమ ఎడం 9 కిలోహెర్ట్జ్. అందువల్ల నా గొంతులో 5000 హెర్ట్జ్ పైన ఉన్నది మీకు దాదాపుగా చేరడం లేదు. పాత టెలిఫోను ఇంకా ఇరుకు, 300 నుంచి 3400 దాకానే. అయినా ఇన్నేళ్లుగా మనం అందులో మాట్లాడుకున్నాం, అర్థం చేసుకున్నాం.

మరి ఇంటి పాటలో ఆ 2000, 4000 మధ్యలోనే హార్మోనియం అరుస్తుంటుంది, కీబోర్డు తీగలు సాగుతుంటాయి, చిటికెన పుల్ల చరుస్తుంటుంది. గొంతు వినబడటం లేదని గొంతు పెంచుతారు. అప్పుడు హార్మోనియం తగ్గిందని దాన్నీ పెంచుతారు. చివరికి అన్నీ పైకప్పును తాకుతాయి. పెంచడం మానేయండి. ఘాట్ రోడ్డు మలుపులో బస్సుకు ఆటో పక్కకు జరిగి దారి ఇచ్చినట్టు, హార్మోనియంలో ఆ భాగాన్ని మూడు డెసిబెల్స్ దించితే గొంతు తనంతట తాను ముందుకొస్తుంది. డోలకు ఎడమవైపు గుమ్మెత్తే శబ్దం మగ గొంతు అడుగున కలిసిపోతుంటే, అక్కడ కూడా డోలకునే కాస్త సన్నం చేయండి. పంక్తి చివర పాడేవాళ్ల ఊపిరి తగ్గి మాట మునిగిపోతుంది. పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించే కంప్రెసర్ పెట్టే ముందే అలాంటి మాటలను ఒక్కొక్కటిగా చేత్తో లేపండి. అప్పుడు కంప్రెసర్‌కు పని తక్కువ, గొంతుకు నొప్పి తక్కువ. భజన పాటకు గుడి గంభీరం రావాలని రివర్బ్ అనే కృత్రిమ ప్రతిధ్వనిని దండిగా పోస్తారు. గంభీరం వస్తుంది, మాట పోతుంది. పంక్తుల మధ్య ఖాళీలో వినబడీ వినబడనట్టు ఉంటే చాలు.

తూకం ఫేడర్ మీటలతో మాత్రమే వచ్చేది కాదనడానికి మన పక్క నుంచే ఒక ఉదాహరణ ఉంది. నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన దర్శనం మొగిలయ్య గారు, పన్నెండు మెట్ల కిన్నెర కళాకారుడు. వెదురు బొంగుకు సొరకాయ బుర్రలు కట్టిన వాద్యం అది. జానపద వీరుడు పండుగ సాయన్న కథ లాంటివి దాని మీద చెప్పుకునేవారు. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. కిన్నెర గొంతు చాలా మెత్తన. ఎదురుగా కూర్చున్నవాళ్లకు చెప్పుకునే కథకు తగినంతే. దాన్ని డప్పుల పక్కన, సినిమా డ్రమ్ముల పక్కన పెడితే ఏ మీట ఎంత పెంచినా నలిగిపోతుంది. ‘భీమ్లా నాయక్’ సినిమా కోసం 2021 సెప్టెంబరులో వచ్చిన టైటిల్ పాట మళ్లీ వినండి. సంగీతం తమన్ గారిది. పాట మొదట్లో మొగిలయ్య గారి గొంతూ కిన్నెరా ఉంటాయి, ఆ తర్వాతే పెద్ద వాద్యాల హోరు మొదలవుతుంది. ఆ మెత్తటి వాద్యానికి పాటలో విడిగా కొంత సమయం కేటాయించారు. అందుకే ఆ హోరంతా విన్నాక కూడా కిన్నెర మన మనసులో ఉంటుంది. మీ పాటలో వేణువో, తంబురో, అమ్మమ్మ సన్నటి గొంతో ఉంటే దానికీ అలాగే నాలుగు పంక్తుల చోటు ఇవ్వండి. అప్పుడు కీబోర్డును తగ్గించడం కాదు, పూర్తిగా ఆపండి. మిక్సింగ్‌లో నాకు అన్నిటికంటే ఇష్టమైన మీట మ్యూట్ బటన్.

మిక్సింగ్ చేసేటప్పుడు శబ్దం ఎంత పెట్టుకోవాలి? ఇంట్లో ఇద్దరు కూర్చుని మాట్లాడుకునేంత. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కొలిచి చూపించారు. శబ్దం తక్కువగా ఉన్నప్పుడు మన చెవికి కిందిస్థాయి బేసు సరిగా అందదు, పెంచినకొద్దీ అందుతుంది. అందుకే గట్టిగా పెట్టుకుంటే ప్రతి పాటా బాగున్నట్టే ఉంటుంది. మెల్లగా పెట్టుకున్నప్పుడు కూడా మాటలు వినబడ్డాయంటే గొంతు సరిగ్గా కూర్చున్నట్టే.

మన పాట చివరికి ఎక్కడ మోగుతుందో గుర్తుంచుకోండి. హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్లు కొందరే. ఫోను స్పీకరులో, ఆటోలో, జాతరలో కట్టిన గొట్టం మైకులో వినేవాళ్లు ఎక్కువ. ఫోను స్పీకరు, గొట్టం మైకు బేసును దాదాపు పలకవు. గొట్టం మైకులో కుడి, ఎడమ తేడా కూడా ఉండదు. అన్నీ ఒకటిగా కలిసి వస్తాయి. కాబట్టి మిక్స్‌ను ఒకసారి మోనోలో వినండి. కుడి ఎడమలకు విడదీసినందువల్లే తేటగా ఉన్న గొంతు మోనోలో మునిగిపోతే, మళ్లీ ఈక్యూ దగ్గరికి పోవలసిందే. పక్కవాళ్ల పాట కంటే పెద్దగా మోగాలని చివర్లో పిండి పిండి పెంచడం వల్ల కూడా లాభం లేదు. యూట్యూబ్ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే కొలతకు మించినదాన్ని తనే తగ్గించేస్తుంది. పిండినందువల్ల పోయిన ఊపు మాత్రం తిరిగి రాదు.

పాట పూర్తయిందనుకున్నాక ఒక పని చేయండి. ఆ పాట ఎన్నడూ వినని మనిషిని ఒకరిని పిలవండి. ఇంట్లోవాళ్లు వద్దు, వాళ్లకు సాహిత్యం నోటికొచ్చి ఉంటుంది, వినబడకపోయినా వినబడిందంటారు. చేతికి కాగితం, కలం ఇచ్చి, ఫోను స్పీకరులో పాట పెట్టి, విన్నది విన్నట్టు రాయమనండి. కలం ఎక్కడ ఆగిందో చూసుకోండి. ఆ మాట దగ్గర ఏ వాద్యం నడుస్తోందో వెతికి, దాన్ని అక్కడి వరకు దించండి. మాట అస్పష్టంగా పాడి ఉంటే ఆ పంక్తిని మళ్లీ పాడించండి. ఇందుకోసమే గొంతు, డప్పు, హార్మోనియం విడి ట్రాకులను చెరపకుండా రెండు చోట్ల దాచుకోవాలి. ముఖ్యంగా పెద్దవాళ్ల చేత పాడించినవి. సాఫ్ట్‌వేర్లు ఇంకా మెరుగవుతాయి, అప్పుడు మళ్లీ కడుక్కోవచ్చు.